చాలకపోతే ఎవరిది బాధ్యత

రాష్ట్ర ప్రభుత్వానికి ఉన్నట్టుండి కంప్యూటర్ ఆటల మీద మనసు పడింది. ఆ ఆటలు పిల్లల్ని పాడుచేస్తున్నాయని ప్రతి సభలోనూ బాధపడుతూ వచ్చిన పెద్దలే, ఒక విదేశీ పర్యటన ముగించుకుని విమానం దిగగానే, వాటిని ఆడేవాళ్ళు క్రీడాకారులని, వాళ్ళను కళ్ళలో పెట్టుకుని చూసుకోవాలని చెప్పసాగారు. ఇంటర్నెట్ సెంటర్ల మీద పడి కుర్రాళ్ళను చొక్కా పట్టుకుని బయటికి లాగిన పోలీసులకు, ఇకపై అదే కుర్రాళ్ళకు బందోబస్తు ఇవ్వాలని ఆదేశాలు వెళ్ళాయి. వాళ్ళు రెండు పనులనూ ఒకే శ్రద్ధతో చేశారు.

ఆ ఊపులో గోదావరి జిల్లాల్లోని ఒక పట్టణంలో రాష్ట్ర ఎలక్ట్రానిక్ క్రీడల వికాస కేంద్రం వెలసింది. మూతపడిన మత్స్యశాఖ కార్యాలయానికి సున్నం వేసి, బోర్డు మార్చి, దానికే ఆ పేరు పెట్టారు. డైరెక్టరుగా పేరి నరసింహమూర్తి గారు పట్టుపరిశ్రమ శాఖ నుంచి డిప్యుటేషన్ మీద వచ్చారు. "పట్టుపురుగుకైనా ఆటగాడికైనా కావలసింది అనువైన వాతావరణం. ఆ తరువాత వారు వదిలే దారం వారిది" అని మొదటి రోజే సిబ్బందికి ఉపన్యాసమిచ్చారు. సిబ్బంది అంటే లెక్కల అధికారి వేమూరి కామేశ్వరి గారు, ఒక అటెండరు, కాంట్రాక్టు మీద చేరిన సిస్టమ్స్ ఇంజనీరు గుత్తుల తనూజ.

తనూజకు అప్పజెప్పిన పని చిన్నదే. ముందుగా ఒక్కటంటే ఒక్కటి, నమూనా గేమింగ్ కంప్యూటరు తయారుచేయించాలి. అది బాగుందనిపిస్తే తరువాత మిగతావి. రెడీమేడ్‌గా కొనకుండా భాగాలు విడివిడిగా తెచ్చి బిగిస్తే నాణ్యత బాగుంటుందని ఆమె రాసింది. విడివిడిగా తెస్తే ఫైళ్ళు కూడా విడివిడిగా నడుస్తాయన్న సంగతి ఆమెకు ఇంకా తెలియదు. ఉద్యోగంలో కొత్త.

ప్రాసెసర్ వచ్చింది. గ్రాఫిక్స్ కార్డు వచ్చింది. రంగురంగుల దీపాలు వెలిగే అద్దాల పెట్టె వచ్చింది. దాన్ని చూడటానికి పక్కనున్న వ్యవసాయ శాఖ వాళ్ళు కూడా వచ్చారు. ఇక మిగిలింది పవర్ సప్లై. గోడలోంచి వచ్చే కరెంటును కంప్యూటరుకు తగినట్టు మార్చి అన్ని భాగాలకూ పంచే చిన్న ఇనుప డబ్బా అది. చేతిలో ఇటుక పట్టుకున్నట్టుంటుంది.

ఈ డబ్బా విషయంలో తనూజకు ఒక పట్టుదల ఉంది. దానికి కారణం దోనిపాటి రూతు.

రూతు డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. వాళ్ళ నాన్న రొయ్యల చెరువుల దగ్గర నీళ్ళకు గాలి పట్టించే ఏరేటర్లు బాగుచేస్తాడు. జిల్లా ఎంపిక పోటీలు జరిగినప్పుడు ప్రభుత్వం దగ్గర ఒక్క కంప్యూటరూ లేక వాటిని బుజ్జిబాబు నెట్ సెంటర్లో పెట్టారు. చివరి ఆటలో రూతు జట్టులో అందరూ పోయి ఆమె ఒక్కతే మిగిలింది. అవతల ముగ్గురు. ఒకణ్ణి గోడ చాటునుంచి, ఇంకొకణ్ణి మెట్ల మీద పడగొట్టి, మూడోవాణ్ణి గురిచూసిన క్షణంలో తెర నల్లబడింది. గదిలో కాలిన వాసన వచ్చింది. బుజ్జిబాబు కంప్యూటరు విప్పి, లోపలి డబ్బాను పైకి తీసి, కోడిగుడ్డును చూసినట్టు చేత్తో తూచాడు.

"స్టిక్కరు మీద అయిదొందల వాట్లని ఉందండి. బరువు చూస్తే లోపల ఏమున్నట్టు లేదు. ఆ దేవుడికే తెలియాలి" అన్నాడు.

రూతు ఏడవలేదు. నల్లటి తెర వైపు కాసేపు చూసి, హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. "వాణ్ణి కొట్టేసేదాన్నక్కా" అని మాత్రం పోటీలు చూడటానికి వచ్చిన తనూజతో అంది. ఎంపిక చేసేవాళ్ళు దయతలచి ఆమెనే ఎన్నుకున్నారు. అయితే ఎక్కడివాళ్ళు అక్కడినుంచే ఇంటర్నెట్‌లో ఒంటరిగా ఆడే జాతీయ అర్హత పోటీకి రాష్ట్రం తరఫున ఆడాలంటే వికాస కేంద్రం ధ్రువీకరించిన యంత్రం మీదనే ఆడాలని నిబంధన. అందుకని రూతు కాలేజీ అయ్యాక రోజూ కేంద్రానికి వచ్చి, "వచ్చిందా అక్కా?" అని అడిగి వెళ్ళేది.

తనూజ లెక్క వేసింది. ఎంత భీకరమైన ఆట ఆడినా ఆ యంత్రం నాలుగువందల యాభై వాట్లు దాటదు. కొంచెం వెసులుబాటుతో ఆరువందల యాభై వాట్లది, మంచి కంపెనీది, గోల్డ్ రేటింగ్ ఉన్నది కావాలని రాసి ఫైలు డైరెక్టరు గారి బల్ల మీద పెట్టింది.

నరసింహమూర్తి గారు కళ్ళజోడు సవరించుకున్నారు. "ఈ ఆరువందల యాభై చాలుతుందా?"

"చాలుతుందండి. మిషను నాలుగువందల యాభై దాటదు."

"దాటితే?"

"దాటదండి."

"దాటదని రాసిస్తావా?"

"రాసిస్తానండి."

"నువ్వు కాంట్రాక్టు. నీ రాత చెల్లదు" అని ఆయన ఎంతో సౌమ్యంగా చెప్పి, సొరుగులోంచి ఒక సర్క్యులరు తీసి చదివారు. "ప్రభుత్వ ప్రాంగణములందు అమర్చబడిన ఏ విద్యుత్ పరికరమైనను అవసరమునకు చాలకపోయినట్లు తేలినచో, దానిని సిఫారసు చేసిన చివరి అధికారి వ్యక్తిగతముగా బాధ్యుడగును."

ఆ సర్క్యులరు పుట్టుక ఆయనే చెప్పారు. ఒక పెద్దమనిషి అతిథిగృహంలో దిగారు. స్నానం సగంలో ఉండగా గీజరు చల్లబడింది. ఒంటి నిండా సబ్బుతో ఆయన ఆగ్రహించారు. ఆ గీజరు సైజు మీద సంతకం పెట్టినవాడు నరసింహమూర్తి గారి తోటి ఉద్యోగి. రిటైరయ్యేదాకా అతనికి మళ్ళీ పోస్టింగు రాలేదు.

"ఎక్కువైతే ఎవరు బాధ్యులండీ?" అని అడిగింది తనూజ.

ఆయన సర్క్యులరును వెనక్కి తిప్పి చూశారు. వెనక ఖాళీ. "ఎక్కువైన సందర్భం ప్రభుత్వం దృష్టికి రాలేదు" అని, ఆరువందల యాభై కొట్టేసి ఎనిమిదివందల యాభై వేసి, సంతకం పెట్టారు.

ఫైలు కామేశ్వరి గారి దగ్గరకు వెళ్ళింది. ఆవిడ మర్నాడే తనూజను పిలిపించారు.

"గోల్డ్ అని రాశావు. ఎన్ని కాసులు?"

"అది బంగారం కాదండి మేడమ్. కరెంటు ఎంత తక్కువ వృథా అవుతుందో చెప్పే గ్రేడు."

"బంగారం కానిదాన్ని బంగారం అని ఫైల్లో రాయడం ఇంకా పెద్ద నేరం." ఆవిడ పెన్ను మూత పెట్టి ఆలోచించారు. "దీనికంటే కింద ఏముంది?"

"సిల్వర్, బ్రాంజ్ ఉంటాయండి."

"పైన?"

"ప్లాటినం."

"అయితే ప్లాటినం అని రాయి. దాన్ని తూకం వేసే సంప్రదాయం మన డిపార్టుమెంటులో లేదు, ఎవరూ అడగరు." ఆ తరువాత ఎనిమిదివందల యాభై అన్న అంకెను చూసి నొచ్చుకున్నారు. గుండ్రంగా లేని అంకె ఆడిట్ వాళ్ళకు అనుమానం పుట్టిస్తుంది. పైగా ఇప్పుడు చివరి సంతకం ఆవిడది. వెయ్యి చేశారు. చేశాక, వెయ్యి అనేది ఎవరో కావాలని గుండ్రంగా వేసినట్టుందనిపించి, పదకొండు వందలు చేశారు.

పదకొండు వందలు డైరెక్టరు గారి అధికార పరిధి దాటింది. అందువల్ల సాంకేతిక సంఘం వేయవలసి వచ్చింది. అధ్యక్షులుగా విశ్రాంత చీఫ్ ఇంజనీరు గొట్టుముక్కల అప్పలరాజు గారు వచ్చారు. జీవితమంతా ఆనకట్టలు కట్టిన మనిషి. పదకొండు వందల వాట్లు అన్నది విని ఆయన ఇటూ అటూ చూశారు, ఇంకేమైనా సున్నాలు కింద పడ్డాయేమోనని.

"మా గెస్ట్‌హౌసులో ఇస్త్రీపెట్టె ఇంత తింటుందండి" అన్నారు.

తనూజ మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. డబ్బా మీద రాసిన వాట్లు అది ఇవ్వగలిగినంత. కంప్యూటరు తీసుకునేది తనకు కావలసినంత. చూడవలసింది నాణ్యత.

రాజు గారు శ్రద్ధగా విన్నారు. "బాగానే చెప్పావమ్మాయ్. కానీ ఆనకట్ట కట్టేటప్పుడు మేము రోజూ వచ్చే నీళ్ళను చూడం. వందేళ్ళకొకసారి వచ్చే వరద ఎంతో దానికి కడతాం. మరి ఈ యంత్రం మీద వందేళ్ళకొకసారి ఆడే ఆట ఏమిటి? దానికెంత కావాలి?"

వందేళ్ళ తరువాత ఆడే ఆటకు ఎన్ని వాట్లు కావాలో తనూజ చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. ఆమె మౌనాన్ని సంఘం సమ్మతిగా నమోదు చేసుకుంది. సప్లై పదివేల వాట్లకు పెరిగింది.

"కంప్యూటర్లకు అంత పెద్దది మార్కెట్లో దొరకదండి" అంది ఆమె.

"మార్కెట్లో దొరకనందువల్లనే ప్రభుత్వం పూనుకోవలసి వస్తున్నది" అన్నారు నరసింహమూర్తి గారు. సభ్యులు తలలూపారు. ఈ వాక్యం సమావేశం మినిట్స్‌లో చేరి, తరువాత కరపత్రాల్లో కూడా అచ్చయింది.

పదివేల వాట్లు దాటితే బయటి సలహాదారును నియమించాలి. సలహాదారు టై కట్టుకుని హైదరాబాదు నుంచి వచ్చి తెర మీద బొమ్మలు చూపించాడు. ఏ సప్లైకైనా ముప్పై శాతం హెడ్‌రూమ్, అంటే అవసరానికి మించిన వెసులుబాటు, తప్పనిసరి అని ఒకటికి మూడుసార్లు నొక్కి చెప్పాడు. నరసింహమూర్తి గారికి అతని ఉపన్యాసంలో అన్నిటికంటే బాగా అర్థమైన మాట అదే. వారం తిరగకుండానే డైరెక్టరు గారికి, అంటే సంస్థ హెడ్డుకు, కొత్త రూము మంజూరైంది. కేంద్రం వైశాల్యంలో ముప్పై శాతం. అందులో రెండు ఏసీలు, ఫ్రిజ్జు, కాఫీ యంత్రం పెట్టారు. వాటికి కూడా కరెంటు కావాలి కనుక, మొత్తం మీద సప్లై ఇంకా పెంచారు. పెంచినదానికి మళ్ళీ ముప్పై శాతం హెడ్‌రూమ్ కావాలని సలహాదారు రాశాడు. సందర్శకుల గది కట్టారు.

రూతు రోజూ వస్తూనే ఉంది. "వచ్చిందా అక్కా?"

"వస్తుందమ్మా."

"మా బుజ్జిబాబన్నయ్య షాపులో అడిగాడంట. ఆరొందల యాభైది వాళ్ళ దగ్గర ఉందంట. మరి మీకెందుకు దొరకట్లేదు?"

తనూజ ఆ సాయంత్రం ధైర్యం చేసి డైరెక్టరు గారి కొత్త గదిలోకి వెళ్ళింది. గది పొడుగ్గా ఉండటంవల్ల ఆయన దగ్గరకు చేరేలోపు ఆ ధైర్యం సగం తగ్గింది.

"సార్, ఆ సప్లై నా జీతంతో కొని తెస్తానండి. అమ్మాయి ప్రాక్టీసు చేసుకోవాలి. పోటీ దగ్గర పడింది."

"ప్రభుత్వ యంత్రంలో ప్రైవేటు సప్లయా?" నరసింహమూర్తి గారికి కోపం రాలేదు. నిజంగానే బాధపడ్డారు. ఫ్రిజ్జులోంచి మజ్జిగ తీసి ఆమెకు ఇచ్చారు. "చూడమ్మా, నాకు తెలియదనుకుంటున్నావు. నువ్వు చెప్పిందే సరి, ఆ చిన్న డబ్బా చాలు. కానీ చాలకపోతే అడిగేవాళ్ళున్నారు. ఎక్కువైతే అడిగేవాడు ఒక్కణ్ణి చూపించు, ఇప్పుడే సంతకం పెడతాను. నాకు ఇంకా ఒక్క సంవత్సరం సర్వీసుంది."

తనూజ అలాంటివాణ్ణి చూపించలేకపోయింది. మజ్జిగ తాగి బయటికి వచ్చింది.

ఫైలు రాజధాని చేరింది. అక్కడ కార్యదర్శి గారు దాని మీద చక్కటి ఇంగ్లీషులో ఒక ప్రశ్న వేశారు. కేంద్రం స్వర్ణోత్సవం నాటికి ఎన్ని కంప్యూటర్లు ఉంటాయి, వాటికి ఈ సప్లై చాలునా? స్వర్ణోత్సవానికి యాభై ఏళ్ళుంది. కింది అధికారులందరూ తలా ఒక అంచనా వేశారు. చాలదన్న నింద మీద పడకుండా ఎవరికి వారు తమ ముందువాడి అంకెకు కొంత జోడించారు. ఫైలు తిరిగి వచ్చేసరికి నమూనా గేమింగ్ కంప్యూటరుకు కావలసిన పవర్ సప్లై యాభై లక్షల వాట్లని తేలింది.

విద్యుత్ పంపిణీ వాళ్ళ ఇంజనీరు ఒకాయన వచ్చి హాలు కొలిచాడు. "ఇంత లోడంటే డబ్బాలో పట్టదండి. ముప్పై మూడు కేవీ సబ్‌స్టేషన్ వేయాలి. ఎక్కడ వేయమంటారు?"

"హాల్లో" అన్నారు నరసింహమూర్తి గారు.

"హాల్లో కంప్యూటరు పెడతారంట కదండీ?"

"సప్లై ముందు. సప్లై లేనిదే కంప్యూటరు లేదు. ఈ విషయంలో సాంకేతిక సంఘం ఏకాభిప్రాయంతో ఉంది."

హాలు గోడలు పడగొట్టారు. లారీల మీద ట్రాన్స్‌ఫార్మర్లు దిగాయి. ఇంకా బిగించని కంప్యూటరు భాగాలను ముందు వరండాలోకి, వాన జల్లు కొడుతోందని స్టోరు గదిలోకి, స్టోరు గదిలోకి కేబుళ్ళు వచ్చాక మెట్ల కిందికి మార్చారు. చుట్టూ ఇనుప కంచె వేసి, పుర్రె బొమ్మతో "అపాయం" అన్న బోర్డు కట్టారు. దాని కింద "ఆడుదాం, గెలుద్దాం" అన్న కేంద్రం నినాదం ఉంది. రెండూ ఒకే పెయింటరు రాశాడు.

చివరి కేబులు దగ్గర నిధులు చాలలేదు. కామేశ్వరి గారు ఫైలు మొత్తం తిరగేసి, సప్లైకి నేరుగా సంబంధం లేని ఖర్చులు ఏమున్నాయో వెతికారు. ఒకటే కనిపించింది. కంప్యూటరు.

"మంజూరైనది పవర్ సప్లై. ఇది దాని ఉపకరణం మాత్రమే" అని రాసి, మెట్ల కింద ఉన్న భాగాలను మిగులు సామగ్రిగా ప్రకటించి వేలం వేయమన్నారు.

వేలానికి నలుగురు వచ్చారు. ఇద్దరు పాత ఇనుము వాళ్ళు. ఒకాయన అద్దాల పెట్టెలో లవ్ బర్డ్స్ పెంచుదామని వచ్చాడు. నాలుగో మనిషి బుజ్జిబాబు. తనూజ ఫోను చేస్తే పరుగున వచ్చాడు. లవ్ బర్డ్స్ ఆయన పెట్టె కోసం గట్టిగా పాడాడు గాని, దానికి గాలి ఆడదని తనూజ చెవిలో చెప్పడంతో విరమించుకున్నాడు. ఉద్యోగ జీవితంలో ఆమె ఇచ్చిన సాంకేతిక సలహాల్లో అమలు జరిగింది అదొక్కటే.

బుజ్జిబాబు పాడుకున్న సామాను ఆటోలో వేసుకుని ఇద్దరూ నేరుగా మెయిన్ రోడ్డు కంప్యూటర్ షాపుకు వెళ్ళారు. తనూజ ఆరువందల యాభై వాట్ల డబ్బా అడిగింది. చేతిలోకి తీసుకుని బరువు చూసింది. గ్యారంటీ ఎన్నేళ్ళో అడిగింది. పదేళ్ళన్నాడు. ఎంతమంది సంతకం పెట్టాలో అడగబోయి ఆగిపోయింది. షాపు అతను అప్పటికే కవర్లో పెట్టేశాడు.

నెట్ సెంటర్లో బల్ల మీద బట్ట పరిచి అన్నీ బిగించింది. రూతు పక్కన నిలబడి స్క్రూలు అందిస్తూ ఉంది. స్విచ్చు నొక్కితే ఫ్యాన్లు మెల్లగా తిరిగాయి, దీపాలు వెలిగాయి, తెర మీద బొమ్మ వచ్చింది.

"ఇంతేనా అక్కా?" అంది రూతు.

"ఇంతే."

రాష్ట్రం ధ్రువీకరించిన యంత్రం కాదు కనుక రూతు రాష్ట్రం పేరుతో ఆడటానికి వీల్లేదు. ఏ రాష్ట్రానికీ చెందని స్వతంత్ర క్రీడాకారిణిగా ఆడవచ్చని పోటీ నిర్వాహకులు చెప్పారు. వాళ్ళ నాన్నకు ఇది నచ్చలేదు. "మనకంటూ ఒక రాష్ట్రం లేకుండా ఎలాగే?" అన్నాడు. "గెలిచాక ఇస్తారులే నాన్నా" అంది రూతు.

అర్హత పోటీ జరిగే రోజునే సబ్‌స్టేషన్ ప్రారంభోత్సవం పెట్టుకున్నారు. మంత్రిగారు వచ్చారు. ఊరేగింపు వచ్చింది. పోలీసులు వచ్చి, ఎక్కడా కుర్రాళ్ళు కనిపించకపోవడంతో ట్రాన్స్‌ఫార్మర్లకు బందోబస్తు ఇచ్చారు. "విద్యుత్తే యువత, యువతే విద్యుత్తు" అని మంత్రిగారు చెబుతుండగా, రెండు వీధుల అవతల రూతు తుది ఆటకు చేరింది. బుజ్జిబాబు సెంటరు కిటకిటలాడుతోంది. రూతు నాన్న గ్రీజు చేతులు వెనక్కి కట్టుకుని, ఏది ఆటో ఏది ప్రకటనో తెలియక, అన్నిటినీ ఒకే ఆత్రంతో చూస్తున్నాడు.

కొత్త సబ్‌స్టేషన్‌ను లైనుకు కలపాలంటే పాత లైను ఆపాలి. మంత్రిగారు స్విచ్చు మీద చెయ్యి వేశారు. ఊరంతా కరెంటు పోయింది.

నెట్ సెంటర్లో ఫ్యాన్లు ఆగాయి. మిగతా తెరలన్నీ ఒక్కసారిగా నల్లబడ్డాయి. రూతు తెర మాత్రం వెలుగుతూనే ఉంది. మూల ఉన్న ఇన్వర్టరు కీచుమంటూ అందుకుంది.

"ఎంతసేపు వస్తుంది?" అంది తనూజ గొంతు తగ్గించి.

"పాత బ్యాటరీ అండి. ఆ మిషను ఎంత లాగుతోంది?"

"నాలుగువందల యాభై."

బుజ్జిబాబు వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకున్నాడు. "నెట్ డబ్బా ఒక్కటీ ఉంచి మిగతావన్నీ పీకేస్తే ఆట అయ్యేదాకా రావచ్చండి. ఆయ్, ఆ లైటు కూడా ఆపండి" అని తానే ఒక్కొక్క ప్లగ్గూ పీకుతూ వెళ్ళాడు. ఫోను చార్జింగు పెట్టుకున్న వాళ్ళను బతిమాలుకున్నాడు. చీకట్లో ఆ ఒక్క తెరా, దాని ముందు రూతు మొహమూ మిగిలాయి. కరెంటు పోయిన సంగతి ఆమెకు తెలియదు. చెవులకు హెడ్‌ఫోన్లున్నాయి. చెమట కారి కళ్ళలోకి దిగుతుంటే రెప్ప వేయలేదు. ఇన్వర్టరు కీచు శబ్దం సన్నబడుతూ వచ్చింది. రూతు నాన్న దాని దగ్గరకు వెళ్ళి, జ్వరం వచ్చిన పిల్లను పట్టుకున్నట్టు దాని మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

చివరి ప్రత్యర్థి మెట్ల మీదికి వచ్చాడు. ఈసారి తెర నల్లబడలేదు.

రూతు హెడ్‌ఫోన్లు తీసి చుట్టూ చూసింది. "చీకటేంటి?" అంది. అప్పుడు అరిచారు అందరూ. ఆ అరుపుల మధ్య ఎప్పుడో ఇన్వర్టరు ఆగిపోయింది, ఎవరూ పట్టించుకోలేదు. తనూజ గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. తాను రాసిన లెక్క తప్పు కాదని ఇన్ని నెలల తరువాత ఆమెకు నమ్మకం కలిగింది.

అదే సమయానికి ప్రారంభోత్సవ వేదిక మీద మంత్రిగారు కంచె లోపలికి చూసి, "సప్లై బ్రహ్మాండంగా ఉంది. మరి కంప్యూటరేది?" అని అడిగారు.

"సార్, సప్లై సిద్ధం. డిమాండు త్వరలో తలెత్తగలదు" అన్నారు నరసింహమూర్తి గారు. మంత్రిగారు సంతృప్తి చెందారు.

మర్నాడు పేపర్లలో రూతు ఫోటో వచ్చింది. సాయంత్రానికల్లా కూడళ్ళలో ఫ్లెక్సీలు లేచాయి. వాటి మీద మంత్రిగారు, నరసింహమూర్తి గారు, రెండు ట్రాన్స్‌ఫార్మర్లు, కింద మూలగా రూతు ఉన్నారు. మన సప్లై, మన గెలుపు అని రాసి ఉంది. ఆమెను అప్పటికప్పుడు రాష్ట్ర క్రీడాకారిణిగా గుర్తిస్తూ ఉత్తర్వులు వచ్చాయి. ఇదే నమూనాలో మిగతా జిల్లాలన్నిటికీ పవర్ సప్లైలు మంజూరయ్యాయి. జాతీయ పోటీలకు రూతు రైలెక్కుతుంటే స్టేషన్‌కు బ్యాండు మేళం వచ్చింది. వాళ్ళ నాన్న మాత్రం ఆ అద్దాల పెట్టెను రెండు దుప్పట్లలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. దాన్ని సామాన్ల కింద పెట్టడానికి ఒప్పుకోలేదు.

తనూజకు మాత్రం మెమో వచ్చింది. ప్రభుత్వం యాభై లక్షల వాట్లు సమకూర్చి ఉండగా, క్రీడాకారిణికి కేవలం ఆరువందల యాభై వాట్ల పరికరమును అమర్చి, తద్ద్వారా రాష్ట్ర ప్రతిష్ఠను అవసరమునకు సరిపడినంత మాత్రపు ఏర్పాటు మీద నిలిపినందులకు తమపై చర్య ఏల తీసుకొనరాదో సంజాయిషీ ఇవ్వవలెను అని అందులో ఉంది.

ఆమె దాన్ని నెట్ సెంటర్లో కూర్చుని రెండుసార్లు చదివింది. మొదటిసారి నవ్వు వచ్చింది. రెండోసారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కాగితం తీసుకుని ఒక్క మాట రాసి పంపింది.

"చాలింది."

తిరుగు టపాలో జవాబు వచ్చింది. తమరి సంజాయిషీ చాలినట్లుగా లేదు, తగినంత అదనము చేర్చి పంపవలెను అని.

తనూజ ఆ మాటకు ముందు "బాగా" అని చేర్చి పంపింది. సంజాయిషీ సంతృప్తికరంగా ఉన్నదని ఫైలు మూసేశారు.